మిద్దె మీద రిఫ్రాక్టర్: తిరుపతి, చిత్తూరు ఆకాశానికి సరిపోయే టెలిస్కోప్ కొనడం, వాడడం

టెలిస్కోప్ కొనాలనుకునేవాళ్లు మొట్టమొదట అడిగేది "ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుంది?" అని. ఆ ప్రశ్నని కాసేపు పక్కన పెట్టండి. అడగాల్సినవి రెండే: ముందున్న లెన్స్ వెడల్పు ఎంత, దాన్ని మోసే స్టాండు ఎంత గట్టిది. ఈ రెండింటిలో నేను రెండోదానికే ఓటేస్తాను. గట్టి స్టాండు మీదున్న 70 మి.మీ. లెన్స్‌లో హాయిగా కనిపించే శని వలయం, గాలికి ఊగే స్టాండు మీదున్న 100 మి.మీ. లెన్స్‌లో వణికే చుక్కలా ఉంటుంది, చూసేవాళ్లకి విసుగొచ్చి కిందికి వెళ్లిపోతారు. అందుకే డబ్బు గొట్టం మీద కంటే కాళ్ల మీద పెట్టండి అంటాను.

రిఫ్రాక్టరే ఎందుకు

రిఫ్రాక్టర్ అంటే గొట్టానికి ముందు లెన్స్, వెనక మనం కన్ను పెట్టే ఐపీస్. 1610 జనవరిలో గెలీలియో గురుడి చుట్టూ తిరిగే నాలుగు చందమామల్ని చూసింది ఇలాంటి దాంతోనే, అదీ ఇరవై రెట్ల దగ్గర. హైదరాబాద్ నిజామియా వేధశాలలో ఉన్న 15 అంగుళాల గ్రబ్ టెలిస్కోప్ కూడా రిఫ్రాక్టరే. అద్దాలతో పనిచేసే రిఫ్లెక్టర్‌కి అప్పుడప్పుడూ అద్దాల్ని సరిచూసి బిగించుకోవాలి, దీనికి మామూలుగా ఆ అవసరం రాదు. గొట్టం మూసే ఉంటుంది కాబట్టి దుమ్ము తక్కువ, ఎత్తుకుని మిద్దెక్కితే పదిహేను ఇరవై నిమిషాల్లో చూడటానికి సిద్ధం.

అదే డబ్బుకి రిఫ్లెక్టర్‌లో ఎక్కువ వెడల్పు వస్తుంది, అది నిజం. ఊరికి దూరంగా తోటలో ఇల్లుండి, మసక గెలాక్సీలు వెతుక్కోవాలని ఉంటే ఆరు అంగుళాలో ఎనిమిది అంగుళాలో ఉన్న డాబ్సోనియన్ (పెట్టెలాంటి స్టాండు మీద తిరిగే రిఫ్లెక్టర్) కొనుక్కోండి, నేనేమీ అడ్డు చెప్పను. కానీ తిరుపతిలో అపార్ట్‌మెంట్ మిద్దె మీద, కింద వీధి ఎల్‌ఈడీ లైట్లు, ఎదురుగా ఘాట్ రోడ్డు దీపాలు, రాత్రంతా తెల్లబడిన ఆకాశం ఉన్నవాళ్లకి గెలాక్సీలు ఎంత అద్దంలోనైనా సరిగా రావు. చంద్రుడు, గ్రహాలు, జంట నక్షత్రాలు మాత్రం ఊరి వెలుతురుని లెక్కచేయవు. ఆ మూడింటికీ చిన్న రిఫ్రాక్టర్ బ్రహ్మాండంగా సరిపోతుంది.

కొనే ముందు చూడాల్సిన అంకెలు

పెట్టె మీద 70/700 అనో 90/900 అనో రాసి ఉంటుంది. మొదటిది లెన్స్ వెడల్పు మి.మీ.లలో, రెండోది ఫోకల్ లెంగ్త్, అంటే లెన్స్ నుంచి బొమ్మ ఏర్పడే చోటికి దూరం, అదీ మి.మీ.లలోనే. చీకట్లో మన కంటి పాప బాగా తెరుచుకుంటే 7 మి.మీ. అనుకుందాం, 70 మి.మీ. లెన్స్ దానికి పది రెట్లు వెడల్పు, అంటే వంద రెట్లు ఎక్కువ వెలుతురు పోగేస్తుంది. ఫోకల్ లెంగ్త్‌ని ఐపీస్ మీదున్న అంకెతో భాగిస్తే ఎన్ని రెట్లో వస్తుంది: 700ని 25తో భాగిస్తే 28 రెట్లు, 10తో భాగిస్తే 70 రెట్లు. గరిష్ఠంగా పనికొచ్చేది లెన్స్ వెడల్పుకి రెట్టింపు, అంటే 70 మి.మీ.కి 140 రెట్లు. అది కూడా గాలి నిలకడగా ఉన్న రాత్రి మాత్రమే. పెట్టె మీద "525 రెట్లు" అని పెద్ద అక్షరాలతో ఉంటే ఆ పెట్టెని ఉన్నచోటే ఉంచి వచ్చేయండి. లోపల ఒక 4 మి.మీ. ఐపీస్, మూడు రెట్ల ప్లాస్టిక్ బార్లో (రెట్లు పెంచే అదనపు లెన్స్) వేసి ఆ లెక్క కట్టి ఉంటారు, కనిపించేది మాత్రం మసక.

ఫోకల్ లెంగ్త్‌ని వెడల్పుతో భాగిస్తే ఎఫ్ అంకె. 70/700 అంటే ఎఫ్/10. సాధారణ రిఫ్రాక్టర్లలో క్రౌన్, ఫ్లింట్ అనే రెండు రకాల గాజు ముక్కలు కలిపిన జంట లెన్స్ ఉంటుంది, దాన్ని ఆక్రోమాట్ అంటారు. అది అన్ని రంగుల్నీ ఒకేచోటికి తేలేదు, అందుకే చంద్రుడి అంచున, గురుడి చుట్టూ ఊదారంగు పొర కనిపిస్తుంది. ఎఫ్ అంకె పెద్దదైతే ఈ ఊదా తగ్గుతుంది, చిన్నదైతే పెరుగుతుంది. 80/400, 102/500 లాంటి పొట్టి గొట్టాలు బ్యాగులో పడతాయి, ఎక్కువ ఆకాశం ఒక్కసారే చూపిస్తాయి గానీ గ్రహాల మీద ఊదాతో నిండిపోతాయి. ఈ బాధ లేకుండా రంగుల్ని తక్కువగా విడదీసే ఈడీ గాజుతో చేసేవి, అపోక్రోమాట్లు అనేవి ఉన్నాయి, వాటి ధర వేరే లోకంలో ఉంటుంది. మొదటి టెలిస్కోప్‌కి అవి వద్దు.

నా సలహా సూటిగా: 70/700, 70/900, 80/900, 90/900 వీటిలో ఏదో ఒకటి. 60 మి.మీ. కంటే తక్కువ వద్దు. ఒకే ధరలో రెండు సెట్లు కనబడితే, వెడల్పు కాస్త తక్కువైనా స్టాండు బరువుగా, కాళ్లు స్టీలుతో ఉన్నదే తీసుకోండి. ఫోటోలో కెమెరా ట్రైపాడ్ లాంటి సన్న అల్యూమినియం కాళ్లు, మధ్యలో పైకి లాగే గొట్టం, ప్లాస్టిక్ తల కనిపిస్తే వద్దనుకోవచ్చు. ఎవరి దగ్గరైనా చూడగలిగితే గొట్టం మీద వేలితో చిన్నగా తట్టండి, బొమ్మ ఊగడం రెండు మూడు సెకన్లలో ఆగాలి. ఇంకా ఊగుతూనే ఉంటే ఆ సెట్ కొనకండి.

ఐపీస్ గొట్టం 1.25 అంగుళాలది ఉండాలి. పాతకాలపు 0.965 అంగుళాలదైతే తర్వాత మంచి ఐపీస్ కొనుక్కున్నా అందులో పట్టదు. ఐపీస్‌ల మీద హెచ్ అనో ఎస్‌ఆర్ అనో ఉంటే నాసిరకం. కెల్నర్ రకం ఫరవాలేదు, ప్లాసల్ రకం అయితే మంచిది.

ధ్రువ నక్షత్రం, కొండ, మౌంట్

ఇక్కడ మన ఊరి సంగతొకటి వస్తుంది. స్టాండు మీద గొట్టాన్ని పట్టుకుని తిప్పే భాగమే మౌంట్. మౌంట్లు రెండు రకాలు. ఆల్ట్-అజిమత్ అంటే పైకీ కిందికీ, ఎడమకీ కుడికీ తిరిగేది. ఈక్వటోరియల్ అంటే ఒక ఇరుసుని ధ్రువ నక్షత్రం వైపు గురిపెట్టి, నక్షత్రాలతో పాటు ఒకే చక్రం తిప్పుతూ వెళ్లేది. రెండోది చూడటానికి గొప్పగా ఉంటుంది, ఎదురు బరువు కూడా వేలాడుతూ ఉంటుంది, అందుకే పిల్లలకి కొనేవాళ్లు దానికే పడిపోతారు.

కానీ ధ్రువ నక్షత్రం ఏ ఊళ్లోనైనా ఆ ఊరి అక్షాంశం ఎంతో అంత ఎత్తులోనే ఉంటుంది. తిరుపతిలో దాదాపు 13.6 డిగ్రీలు, చిత్తూరులో 13.2. చెయ్యి చాపి పిడికిలి పట్టుకుంటే సుమారు పది డిగ్రీలు, అంటే పిడికిలి మీద ఇంకో మూడో వంతు. తిరుపతిలో సరిగ్గా ఆ ఉత్తరం దిక్కునే కొండ ఉంది! అలిపిరి వైపు ఇళ్లున్నవాళ్లకి ధ్రువుడు కొండ వెనకే ఉండిపోతాడు, దక్షిణం వైపు దూరంగా ఉన్నవాళ్లకి కొండ మీదుగా, దీపాల వెలుతురులో, మసకగా కనబడితే కనబడొచ్చు. పైగా చవక ఈక్వటోరియల్ మౌంట్లు పదమూడు డిగ్రీల అంత తక్కువకి వంచితే ఎదురు బరువు కడ్డీ చాలావాటిలో స్టాండు కాలికి తగులుకుంటుంది. ఇంత టెన్షన్ ఎందుకు? సన్నగా కదిలించే కేబుళ్లో మరలో ఉన్న ఆల్ట్-అజిమత్ తీసుకోండి. ఫోటోగ్రఫీకి గట్టిగా దిగేవాళ్లకి ఈక్వటోరియల్ కావాలి గానీ, కంటితో చూసేవాళ్లకి అక్కర్లేదు.

పెట్టె విప్పాక, పగటిపూట

పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీసుకోండి, లెన్స్ పగిలో గీతలు పడో వస్తే మార్చుకోవడానికి అదే ఆధారం. తర్వాత లెన్స్‌లోకి టార్చ్ ఏటవాలుగా వేసి చూడండి. ఒకటో రెండో దుమ్ము రేణువులు ఏమీ చెయ్యవు, సాలెగూడులా పాకిన సన్న దారాలుంటే అది ఫంగస్. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు ముందు చూడాల్సింది ఇదే.

స్టాండు కాళ్లు పూర్తిగా బయటికి లాగొద్దు, సగం చాలు. ముందు స్టాండు, దాని మీద మౌంట్, ఆపైన గొట్టం, చివరగా డయాగ్నల్, ఐపీస్. డయాగ్నల్ అంటే వెలుతురుని పక్కకి మళ్లించే మోచేయి లాంటి ముక్క. చాలా సెట్లలో పక్షుల్ని చూడటానికని 45 డిగ్రీల ప్రిజం ఇస్తారు, ఆకాశానికి 90 డిగ్రీలదే కావాలి. ఎందుకో కింద చెప్తాను. డయాగ్నల్ తీసేసి ఐపీస్‌ని నేరుగా గొట్టంలో పెడితే చాలా రిఫ్రాక్టర్లలో ఫోకసే కుదరదు, ఎందుకంటే డయాగ్నల్‌లో వెలుతురు నడిచే దూరాన్ని కూడా లెక్కేసే గొట్టం పొడవు కోసి ఉంటారు. "ఎంత తిప్పినా మసకగానే ఉంది" అనే ఫిర్యాదుల్లో సగం ఇవే. మిగతా సగం మూత మధ్యలో ఉన్న చిన్న మూత మాత్రమే తీసి, పెద్ద మూత అలాగే వదిలేసినవి.

ఇప్పుడు ఫైండర్ సరిచెయ్యాలి. గొట్టం మీదుండే చిన్న దుర్భిణో, ఎర్రచుక్క కనిపించే చిన్న గాజో అదే ఫైండర్. పెద్ద టెలిస్కోప్‌లో కనిపించే ఆకాశం చాలా కొంచెం కాబట్టి ఫైండర్ లేకుండా చంద్రుణ్ణి తప్ప ఏదీ పట్టుకోలేం. ఇది పగలే చేసుకోవాలి, రాత్రి చీకట్లో మరలు తిప్పుతూ కూర్చుంటే మొదటి రోజే ఉత్సాహం చచ్చిపోతుంది. తిరుపతిలో దీనికి గాలిగోపురాన్ని మించిన గురి లేదు, ఊళ్లో చాలా మిద్దెల మీదినుంచి కనిపిస్తుంది. చిత్తూరు వాళ్లు దూరంగా ఉన్న సెల్ టవర్ కొసని పట్టుకోండి. కనీసం కిలోమీటరు దూరం ఉండాలి. తక్కువ రెట్ల ఐపీస్, అంటే పెద్ద అంకె ఉన్నది, వేసి గురిని సరిగ్గా మధ్యకి తెచ్చి, మరలు బిగించి, ఇప్పుడు ఫైండర్ మరలు మాత్రమే తిప్పుతూ ఎర్రచుక్కని అదే గురి మీదికి తేండి. తర్వాత 10 మి.మీ. ఐపీస్‌తో ఇంకోసారి సరిచూడండి. రాత్రి కొండ మీద వెలిగే నామం, శంఖ చక్రాల వైపు పెట్టి చూస్తే ఒక సంగతి తెలుస్తుంది: బొమ్మ నిటారుగానే ఉంటుంది గానీ శంఖం, చక్రం చోట్లు మారిపోతాయి. 90 డిగ్రీల డయాగ్నల్ కుడి ఎడమల్ని తారుమారు చేస్తుంది. చంద్రుడి పటం చూసుకునేటప్పుడు ఇది గుర్తుంటే తికమక ఉండదు.

సూర్యుడి వైపు మాత్రం ఎప్పుడూ పెట్టొద్దు. ఒక్క క్షణం చాలు, చూపు పోతుంది, మళ్లీ రాదు. ఫైండర్‌లో చూసినా అంతే. ఐపీస్‌కి మరలాగా తిప్పి బిగించే నల్ల "సన్ ఫిల్టర్" పెట్టెలో వస్తే పిల్లల చేతికి అందకముందే పగలగొట్టి పారేయండి, వేడికి అది చూస్తుండగానే పగులుతుంది. సూర్యుణ్ణి చూడాలంటే గొట్టం ముందు భాగం మొత్తాన్ని కప్పే సోలార్ ఫిల్టర్ ఒక్కటే దారి. టెలిస్కోప్‌ని పగలు మిద్దె మీద వదిలేసి కాఫీకి కిందికి వెళ్లే అలవాటు కూడా వద్దు, పక్కింటి పిల్లలు ఊరుకోరు.

మిద్దె మీద రాత్రి

మన మిద్దెలు ఎండంతా తాగి రాత్రి తొమ్మిది పది దాకా వేడి వదులుతూనే ఉంటాయి. ఆ వేడి గాలిలోంచి చూస్తే గురుడు నీళ్లలో ఉన్నట్టు కదులుతాడు. టెలిస్కోప్ తప్పేమీ లేదు. సాయంత్రం మిద్దె మీద నీళ్లు చల్లి ఆరనివ్వడం, పడుకోవడానికి ఎండాకాలం మనవాళ్లు చేసే పనే, ఇక్కడా పనికొస్తుంది. గ్రహాల్ని పది తర్వాత చూడండి, పక్కింటి ఏసీ అవుట్‌డోర్ యూనిట్ మీదుగా చూడకండి. నక్షత్రాలు బాగా మినుకుమినుకుమంటుంటే గాలి కుదురుగా లేదని లెక్క, ఆ రోజు ఎక్కువ రెట్ల జోలికి వెళ్లొద్దు. వింతేమిటంటే, కాస్త పొగమంచు పట్టినట్టున్న, ఆకు కదలని రాత్రుల్లోనే గ్రహాలు చాలాసార్లు బాగా కనిపిస్తాయి.

టెలిస్కోప్‌ని ఏసీ గదిలోంచి నేరుగా బయటికి తెస్తే లెన్స్ మీద చెమ్మ పట్టేస్తుంది. తుడవొద్దు. మూత పెట్టే బయటికి తెచ్చి, ఓ ఇరవై నిమిషాలు బయటి వేడికి అలవాటు పడనిచ్చి అప్పుడు మూత తీయండి. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మంచు కురుస్తుంది, గొట్టం ముందుండే డ్యూ షీల్డ్ (లెన్స్ మీద మంచు పట్టకుండా ఆపే తొడుగు) పొట్టిగా ఉంటే నల్ల చార్ట్ పేపర్‌ని చుట్టి పొడిగించుకోండి.

స్టాండు కాళ్ల కింద పాత హవాయి చెప్పుల ముక్కలు కోసి పెట్టండి, ఊగడం చాలా తగ్గుతుంది. మధ్యలో ఉండే ట్రేకి ఐదు లీటర్ల నీళ్ల క్యాన్ వేలాడదీస్తే ఇంకా మంచిది. అయినా మిద్దె మీద ఎవరైనా నడిస్తే బొమ్మ గెంతుతుంది, అందుకే ఒకరు చూస్తున్నప్పుడు మిగతావాళ్లు కదలకుండా కూర్చోవాలి, పిల్లలకి ఈ ఒక్క నియమం నేర్పడమే అన్నిటికన్నా కష్టం. దోమల మందు రాసుకున్న చేతులతో లెన్స్ గానీ ఐపీస్ గానీ ముట్టుకోవద్దు, దోమల చుట్ట గొట్టం కింద పెట్టొద్దు. ఫోన్ వెలుతురు కళ్లలో పడితే చీకటికి అలవాటు పడిన కన్ను మళ్లీ ఇరవై నిమిషాలు వెనక్కి పోతుంది, టార్చ్‌కి ఎర్ర సెల్లోఫేన్ కట్టుకోండి.

ఇక నడినెత్తి సమస్య. మన అక్షాంశంలో గ్రహాలు నడిచే దారి చాలాసార్లు దాదాపు తల మీదుగానే వెళ్తుంది. గురుడు మిథున రాశిలో ఉన్నప్పుడు మన దగ్గర ఎనభై డిగ్రీలు దాటి ఎక్కుతాడు. అప్పుడు పొడవాటి రిఫ్రాక్టర్ నిలువుగా నిలబడి ఐపీస్ మోకాళ్ల దగ్గరికి దిగిపోతుంది, గొట్టం స్టాండు కాలికి కొట్టుకుంటుంది, ఆల్ట్-అజిమత్ మౌంట్ నడినెత్తి దగ్గర సాఫీగా తిరగదు. 45 డిగ్రీల ప్రిజంతో అయితే మెడ విరుగుతుంది. 90 డిగ్రీల డయాగ్నల్ అవసరం తెలిసేది అప్పుడే. అందుకని గ్రహం నడినెత్తికి రావడానికి రెండు గంటల ముందో, దాటిన రెండు గంటలకో, యాభై అరవై డిగ్రీల ఎత్తులో ఉన్నప్పుడు చూడండి. కూర్చోవడానికి పొట్టి పీట ఒకటి, ఎత్తు స్టూల్ ఒకటి దగ్గర పెట్టుకోండి.

దేన్నైనా మొదట తక్కువ రెట్లతో పట్టుకుని, మధ్యకి తెచ్చి, ఆ తర్వాతే ఐపీస్ మార్చాలి. భూమి తిరుగుతోంది కాబట్టి 70 రెట్ల దగ్గర ఏదైనా మూడు నిమిషాల్లో ఈ అంచు నుంచి ఆ అంచుకి దాటిపోతుంది. గ్రహాన్ని అంచు దగ్గర పెట్టి, అది నడుచుకుంటూ మధ్యకి వచ్చేదాకా చెయ్యి తీసేసి చూస్తే ఊగని బొమ్మ దొరుకుతుంది.

ఏం చూడాలి: పంచాంగం దగ్గర పెట్టుకోండి

స్టెల్లేరియం యాప్‌లో ఊరు పెట్టుకుంటే ఏది ఎక్కడుందో చూపిస్తుంది, అది తప్పనిసరిగా వేసుకోండి. కానీ చంద్రుడి కోసం గోడ మీది తెలుగు క్యాలెండర్ చాలు, తిథి చూస్తే వెలుగునీడల గీత ఎక్కడుందో తెలిసిపోతుంది. కొండలు, గుంతలు బాగా కనిపించేది ఆ గీత పక్కనే, అక్కడ నీడలు పొడుగ్గా ఉంటాయి. శుక్ల షష్ఠి, సప్తమి నుంచి దక్షిణ అంచున మాంజినస్ అనే గుంత వెలుగులోకి వస్తుంది. చంద్రయాన్-3 దిగిన చోటు దానికి దగ్గర్లోనే. 2023 జులై 14న మన తిరుపతి జిల్లాలోని శ్రీహరికోట నుంచి బయల్దేరి, ఆగస్టు 23న దిగింది. ల్యాండర్ ఏ పెరటి టెలిస్కోప్‌లోనూ కనిపించదు, ఆ చుట్టుపక్కల నేల మాత్రం చూడొచ్చు. అష్టమినాడు అపెనైన్ పర్వతాలు, నవమికి రూపెస్ రెక్టా అనే నూరు కిలోమీటర్ల పైచిలుకు పొడవున్న తిన్నని గట్టు సన్నటి నల్లగీతలా, దశమికి 93 కిలోమీటర్ల వెడల్పున్న కోపర్నికస్ గుంత. పౌర్ణమినాడు చంద్రుడు చదునుగా, కళ్లు చెదిరేలా ఉంటాడు, ఆ రోజు టైకో అనే గుంత నుంచి చిమ్మిన తెల్ల చారలు తప్ప చూడటానికి పెద్దగా ఏమీ లేదు. కొత్తవాళ్లు అందరూ పౌర్ణమికే టెలిస్కోప్ బయటికి తీయడం నాకు ఇప్పటికీ అర్థం కాదు.

గురుడికి 28 రెట్లు చాలు, నాలుగు చందమామలూ వరసలో కనిపిస్తాయి. 70 రెట్ల దగ్గర రెండు నల్ల పట్టీలు తెలుస్తాయి. లోపలి చందమామ అయో 42 గంటల్లో ఒక చుట్టు తిరిగేస్తుంది కాబట్టి సాయంత్రం చూసిన వరస అర్ధరాత్రికి మారిపోయి ఉంటుంది. శని వలయాలు 2025 మార్చిలో మనకి సరిగ్గా అంచుతో తిరిగి దాదాపు కనబడకుండా పోయాయి, ఇప్పుడు ఏటేటా విచ్చుకుంటూ 2032 ప్రాంతానికి పూర్తిగా తెరుచుకుంటాయి. అంటే ఇప్పుడు కొన్న టెలిస్కోప్‌కి ప్రతి సంవత్సరం శని ముందటికంటే బాగుంటాడు. అంగారకుడి మీద ఆశలు పెట్టుకోకండి, 26 నెలలకోసారి దగ్గరికొచ్చినప్పుడు తప్ప చిన్న నారింజ చుక్కే. శుక్రుడు మాత్రం చంద్రుడిలా కళలు మార్చుకుంటాడు, పూర్తి చీకటి పడకముందు సంధ్య వెలుగులో చూస్తే ఆకారం బాగా తెలుస్తుంది.

జంట నక్షత్రాల గురించి ఎవరూ సరిగా చెప్పరు, నా దృష్టిలో ఊళ్లో ఉండేవాళ్లకి అసలు పంట ఇవే. పెళ్లిలో పురోహితుడు పట్టపగలు ఆకాశం వైపు చెయ్యి చూపిస్తే అరుంధతి కనిపించినట్టే అందరం తల ఊపుతాం కదా, ఆ అరుంధతీ వశిష్ఠుల్ని ఏప్రిల్ నుంచి జూన్ దాకా రాత్రి సప్తర్షి మండలం తోకలో వెతకండి, తిరుపతిలో కొండకి బాగా పైన, నలభై తొమ్మిది డిగ్రీల దాకా ఎక్కుతాయి. టెలిస్కోప్‌లో వశిష్ఠుడే మళ్లీ రెండుగా విడిపోతాడు, 28 రెట్లకే. పునర్వసులోని కాస్టర్‌ని 70 రెట్ల దగ్గర చూడండి, రెండు తెల్ల చుక్కలు ఆనుకుని ఉంటాయి. హంస మండలంలోని అల్బిరియో ఒకటి బంగారం రంగు, ఇంకోటి నీలం. చుక్కని కొంచెం ఫోకస్ తప్పిస్తే రంగు ఇంకా తేటగా తెలుస్తుంది.

వెలుతురున్నా తట్టుకునే గుంపులు కొన్ని ఉన్నాయి. జనవరి, ఫిబ్రవరిలో ఓరియన్ కత్తిలోని నెబ్యులా (వెలిగే వాయు మేఘం), దాని నడుమ ట్రెపీజియం అనే నాలుగు చుక్కలు. కృత్తికలు మీ దగ్గరున్న అతి తక్కువ రెట్ల ఐపీస్‌తో మాత్రమే ఒకేసారి పడతాయి. పుష్యమి దగ్గరి తేనెపట్టు గుంపు మార్చి, ఏప్రిల్ నెలలకి. మసకవాటిని నేరుగా కాక కాస్త పక్కకి చూస్తూ వారచూపుతో పట్టుకోవాలి.

ఢిల్లీ వాళ్లకి లేనిది మనకి ఒకటుంది, దక్షిణాకాశం. ఫిబ్రవరిలో అగస్త్య నక్షత్రం ఇక్కడ ఇరవై నాలుగు డిగ్రీల దాకా ఎక్కుతుంది. మే నెలలో రాత్రి తొమ్మిది, పదకొండు మధ్య దక్షిణానికి అడ్డం లేని మిద్దె ఉంటే త్రిశంకు (సదరన్ క్రాస్), దాని ఎడమ పక్కగా ఆల్ఫా సెంటారీ కనిపిస్తాయి. ఎత్తు పదహారు డిగ్రీలే కాబట్టి సింటెక్స్ ట్యాంకు అడ్డొస్తే పోయినట్టే. ఆల్ఫా సెంటారీ 70 రెట్ల దగ్గర చక్కగా రెండుగా విడిపోతుంది, మన సూర్యుడికి పొరుగు నక్షత్రాలవి. వాటికి పైన ఇరవై తొమ్మిది డిగ్రీల ఎత్తులో ఒమేగా సెంటారీ అనే నక్షత్రాల గుంపు ఉంటుంది. ఊళ్లో అదొక పలచని మచ్చ, చిత్తూరు అవతల మామిడి తోపుల మధ్య చీకట్లో మాత్రం గుండ్రటి పొడి ముద్దలా నిండుగా ఉంటుంది, అక్కడికి తీసుకెళ్లి చూపించాల్సింది అదే.

అలా బయటికి వెళ్లాలనుకుంటే బంధువుల పల్లెలో కళ్లం గానీ తోటలో ఇల్లు గానీ చూసుకోండి. మొగిలి ఘాట్ ఎక్కాక పలమనేరు వైపు, మదనపల్లె దగ్గర 1,265 మీటర్ల ఎత్తున్న హార్స్‌లీ హిల్స్ బాగుంటాయి. భాకరాపేట, తలకోన దారుల్లో రోడ్డు పక్క చీకట్లో ఆగడం మంచిది కాదు, అది చిరుతలు తిరిగే శేషాచలం అడవి. కుప్పం వైపు ఏనుగులు. ఇక నెలల సంగతి: ఈశాన్య రుతుపవనాలు మనకి అక్టోబర్ నుంచి డిసెంబర్ మొదటి వారాల దాకా ఆకాశాన్ని మూసేస్తాయి, జూన్ నుంచి సెప్టెంబర్ దాకా సగం రోజులు మబ్బే. డిసెంబర్ చివర నుంచి మే దాకా మన సీజన్.

దాచుకోవడం, తర్వాత కొనాల్సినవి

వానాకాలం నెలల్లోనే లెన్స్‌లు పాడవుతాయి. మూసి ఉన్న పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వేసి ఉంచండి, రంగు మారాక బాండలిలో సన్న సెగ మీద వేడి చేస్తే మళ్లీ పనికొస్తాయి. చూసి కిందికి తెచ్చిన వెంటనే చెమ్మతో మూత పెట్టేయొద్దు, ఫ్యాన్ కింద ఆరాక పెట్టండి. దుమ్ముకి గాలి కొట్టే రబ్బరు బంతి చాలు, లుంగీ కొంగుతో, టవల్‌తో తుడిస్తే గీతలు పడతాయి. ముందు లెన్స్‌ని విప్పి కడగాలనే ఆలోచన అసలే వద్దు, రెండు గాజుల మధ్య ఎడం, ఏది ఎటు తిరిగుండాలి అన్నది ఫ్యాక్టరీలో కుదిర్చింది, మళ్లీ మనకి కుదరదు.

కొన్ని నెలలు వాడాక డబ్బు పెట్టాలనిపిస్తే ఈ వరసలో పెట్టండి: పెట్టెలో 45 డిగ్రీల ప్రిజం వచ్చి ఉంటే ముందు 90 డిగ్రీల డయాగ్నల్, తర్వాత వెడల్పాటి చూపు కోసం 32 మి.మీ. ప్లాసల్, ఆ తర్వాత గ్రహాల కోసం 6 లేదా 7 మి.మీ. ఐపీస్, చివరగా ఫోన్‌ని ఐపీస్‌కి పట్టి ఉంచే క్లాంప్. చంద్రుడి ఫోటోలకి ఆ క్లాంప్ చాలు. ఫోన్‌లో వెలుతురు కాస్త తగ్గించి, షట్టర్‌కి మూడు సెకన్ల టైమర్ పెట్టి, చెయ్యి తీసేసి తీయండి.